ఎడమ కన్ను, టేకు ముక్క

ఆ తప్పుకు మూలం నా శుభ్రత.

ఒమాన్‌లో, మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. అందులో నేను పదకొండేళ్లుగా స్టోర్ కీపర్ని. ఎయిర్ రైఫిళ్లు, వాటి స్క్రూలు, రబ్బరు వాషర్లు, కాగితపు టార్గెట్లు, అన్నీ నా బీరువాల్లోనే ఉంటాయి. మూడేళ్ల కిందట ఏసీ నీళ్లు కారి ఒక పాత రైఫిల్ అట్టపెట్టె నానిపోయింది. దాన్ని పారేసి, ఆ రైఫిల్‌ను ఖాళీగా పడి ఉన్న కొత్త మోడల్ పెట్టెలో పెట్టాను. కొలిచి చేయించినట్టు సరిపోయింది. ఆ రోజు నా పనితనానికి నాకే ముచ్చటేసి ఇంకో చాయ్ తాగాను.

మొన్న వేసవిలో ఆ రైఫిల్‌కు ఎడమచేతి వాటం చెక్క తెప్పించాల్సి వచ్చింది. రైఫిల్‌లో ఇనుము వేరు, చెక్క వేరు. గొట్టం, ప్రతి గుండుకూ లాగి మూసే మీట, గుర్రం ఇనుము. చేత్తో పట్టుకునే పిడి, చెంప ఆన్చే దిమ్మ, భుజానికి ఆనే మడమ చెక్క. రెండింటినీ రెండు స్క్రూలు కలిపి ఉంచుతాయి. ఇనుము అలాగే ఉంచి చెక్క ఒక్కటి మారిస్తే కుడివాటం రైఫిల్ ఎడమవాటం అవుతుంది. నేను పెట్టె మీది మోడల్ పేరు చూసి ఆర్డరు రాశాను. ఇనుము మీద కొట్టి ఉన్న నంబరు చూడలేదు.

రెండు నెలలకు పార్సెల్ వచ్చింది. నిగనిగలాడే వాల్‌నట్ చెక్క. పిడి ఎడమచేతికే, చెంపదిమ్మ ఎడమ చెంపకే. స్క్రూ బెజ్జాలు మాత్రం వేలి మందమంత ముందుకు ఉన్నాయి. చెక్క కొత్త మోడల్‌ది, ఇనుము పాతది.

అప్పటికి ఎంపిక పోటీ పది రోజుల్లో ఉంది.

ఆ చెక్క నాదియా కోసం. పదహారేళ్ల పిల్ల, సీబ్‌లోనే పుట్టి పెరిగిన బలూచీ కుటుంబం. ఇంట్లో హిందీ నడుస్తుంది కాబట్టి నన్ను చాచా అంటుంది. అన్నం కుడిచేత్తో తింటుంది, రాత కుడిచేత్తో రాస్తుంది. వాళ్ల నానమ్మ చిన్నప్పుడే ఆ రెండూ మార్పించిందట. కానీ కంటిని ఎవరూ మార్పించలేదు. గురి చూసేటప్పుడు దానికదే ఎడమ కన్ను తెరుచుకుంటుంది, కన్ను వెంట చెంప, చెంప వెంట భుజం, భుజం వెంట చెయ్యి. క్లబ్బులో ఉన్న పన్నెండు రైఫిళ్లూ కుడివాటానివే. ఆ పిల్ల ఒక పసుపుపచ్చ తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, చెంప ఆనే చోట టేపుతో చుట్టి, ఏడాదిగా అలాగే కొడుతోంది. తువ్వాలుతోనే ఆడపిల్లల్లో మూడో నాలుగో స్థానంలో ఉండేది.

ఆగస్టులో సలాలాలో క్లబ్బుల మధ్య పోటీ. అక్కడికి ముగ్గురు ఆడపిల్లలను పంపాలి. ఆ ముగ్గురిని ఎంచే పోటీకి కొత్త నియమావళి వచ్చింది. రైఫిల్‌కు ఏ గుడ్డా చుట్టకూడదు, ఏదీ కట్టకూడదు, ముందుగా తనిఖీ ఉంటుంది. అంటే తువ్వాలు పోయింది. ఆ తువ్వాలు బదులే నేను ఆ చెక్క తెప్పించింది.

మా మేనేజరు ఫహద్ మంచివాడు, కొలమానం లాంటి మనిషి. వాల్‌నట్ చెక్కను, ఇనుమును, నన్ను వరుసగా చూశాడు. బెజ్జాలు మళ్లీ వేయవచ్చు కదా అన్నాను. పాత బెజ్జం పక్కనే కొత్తది వేస్తే చెక్క చీలిపోతుందన్నాడు. పిల్లకు కుడిచేత్తో నేర్పిద్దాం, పది రోజులున్నాయి కదా అన్నాడు.

ఆ సాయంత్రమే నేర్పించారు. నాదియా కుడి భుజానికి రైఫిల్ ఆన్చి, కుడి కన్నుతో చూసి, పది గుండ్లు కొట్టింది. అందులో ఆరు పక్క అమ్మాయి టార్గెట్లో పడ్డాయి, రెండు సరిగ్గా నడిమధ్యలో. ఆ పక్క అమ్మాయి తన కాగితం చూసుకుని చాలా సంతోషించింది.

నాదియా రైఫిల్‌ను జాగ్రత్తగా స్టాండు మీద పెట్టి నా కౌంటరు దగ్గరకు వచ్చింది. ఏడవలేదు. తువ్వాలు మడిచి నా బల్ల మీద పెట్టి, దీన్ని స్టోర్‌లో ఉంచుకోండి చాచా, ఇంక అక్కర్లేదు కదా అంది. నేను స్టోర్ కీపర్ని. ఎవరేమిచ్చినా తీసుకుని అరలో పెడతాను. అదీ పెట్టాను.

ఆ రాత్రి వంట చేసుకుంటూ చేతిలోని అట్లకాడను చూశాను. అది కడప నుంచి తెచ్చుకున్నది, నా భార్య వజీరున్నీసాది. అందరి అట్లకాడలూ ఎడమ మూల అరుగుతాయి. ఇది కుడి మూల అరిగింది. ఆమె పోయాక, మొదటిసారి దోసె తిరగేయబోయి, ఎంతకీ పెనానికి ఆనకపోతే అప్పుడు తెలిసింది నాకు, ఆమెది ఎడమచేతి వాటమని. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ చేతికి గుడ్డ కట్టేదట, పోయాక వాళ్ల చెల్లెలు చెప్పింది. నలుగురిలో కుడిచేత్తో వడ్డించి, కుడిచేత్తో తిని, వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు మాత్రం చెయ్యి మార్చుకునేదన్నమాట. ఆ అట్లకాడతో నా దోసెలు ఈనాటికీ సగం చిరుగుతాయి. కొత్తది కొనలేదు.

చిరిగిన దోసె తిని, రేపు దేవయ్యను అడగాలనుకున్నాను.

దేవయ్యది నిర్మల్ దగ్గర పల్లె. మా క్లబ్బు గోడ పక్కనే విల్లాలు కడుతున్న సైట్‌లో షట్టరింగు వడ్రంగి. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. ఆ మూడు గంటలూ అతను మా వాటర్ కూలర్ పక్కన, మా ఏసీ గాలి తగిలే చోట, వెల్లకిలా పడుకునేవాడు. ఒకరోజు నిద్రలో తెలుగులో ఎవరినో తిట్టడం విని పరిచయం చేసుకున్నాను. అతని తాత బొమ్మలు చెక్కేవాడట. తాత చిలకను చెక్కితే పిల్లి వచ్చి కూర్చునేదని దేవయ్య చెబుతాడు. నేను నమ్మను, కానీ వినడానికి బాగుంటుంది.

రైఫిల్‌కు చెక్క చెయ్యగలవా అని అడిగితే అతను లేచి కూర్చున్నాడు.

"పన్నెండేండ్ల సంది సిమెంటుకు ఇల్లు కడుతున్న సాబ్. గది గట్టివడ్డంక నా కర్రలను గుంజి పారేస్తరు. ఉండిపోయే కర్ర చేసి ఎన్నేండ్లాయె."

ఫహద్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. రైఫిల్ స్టోర్ గది దాటి పోకూడదు, ఇనుమూ చెక్కా ఏదీ. బయటి మనిషి లోపలికి రాకూడదు. అందుకని నేను పాత కుడివాటం చెక్కను విప్పి, పల్చటి కాగితం వేసి, చుట్టూ పెన్సిల్‌తో గీశాను. నేను బీఎస్సీ చదివినవాణ్ణి. కాగితాన్ని తిరగేస్తే కుడి ఎడమ అవుతుందన్నది నాకు తట్టింది. తిరగేసి, శుభ్రంగా ఇంకో ప్రతి గీసి, పిడి, దిమ్మ, బెజ్జాలు, మీట కదలడానికి పక్కన ఉండే గాడి, అన్నిటికీ కొలతలు రాసి దేవయ్యకిచ్చాను. ఇది ఎడమచేతిదప్పా, ఇట్లే చెయ్యి అన్నాను. అతను తల ఊపాడు.

సైట్‌లో మిగిలిన ద్వారబంధం ముక్కొకటి ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చుకున్నాడు. మంచి బర్మా టేకు. శుక్రవారం తప్పించి రోజూ ఆ మూడు గంటలూ నిద్ర మానుకుని కూలర్ పక్కన చెక్కాడు. టేకు పొట్టు మా కారిడార్ అంతా ఎగిరేది. ఫహద్ అటుగా వెళుతూ ఆ వాసనకు ఒక నిమిషం ఆగేవాడు. నాదియా సాయంత్రాలు వచ్చి ఆ పొట్టులోంచి చుట్టలు ఏరుకుని వేలికి ఉంగరాల్లా పెట్టుకునేది. ఎంతవరకు వచ్చిందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఆగిపోతుందేమోనని భయం కాబోలు.

బుధవారం మధ్యాహ్నానికి పూర్తయింది. నూనె రాసి తుడిచి నా చేతికిచ్చాడు. పట్టుకున్నాను. పిడి నా అరచేతిలో వెన్నముద్దలా కూర్చుంది. దిమ్మ మీద చెంప ఆన్చాను, తలగడలా ఉంది. దేవయ్య తీసుకుని పట్టుకున్నాడు. అతనికీ అంతే. మళ్లీ నేను పట్టుకున్నాను. ఇద్దరం మార్చి మార్చి పట్టుకుని ఒకరినొకరం మెచ్చుకున్నాం. ఎంతోమంది దొరలకు ఇంత సుఖమైన తుపాకీ ఉండదన్నాను.

దేవయ్య ఆ సంతోషంలో ఇంటికి వీడియో కాల్ చేశాడు. వాళ్లావిడ యాదవ్వ బీడీలు చుడుతూ, చేట ఒళ్లోంచి దించకుండానే, ఫోన్‌ను దేనికో ఆన్చి చూసింది. దేవయ్య చెక్కను భుజానికి పెట్టి ఇటూ అటూ తిరిగి చూపించాడు. కూర్చున్నట్టే లేదు, ఒంట్లోంచి మొలిచినట్టుంది అన్నాడు.

యాదవ్వ బీడీకి దారం చుట్టి, తెంపి, పక్కన పెట్టింది.

"నీకు గంత మంచిగ కూసుంటే, ఆ పిల్లకెట్ల కూసుంటదయ్యా?"

ఇద్దరం చెక్కను చూశాం. దేవయ్య కుడి చేతిలో ఉంది. నేను పట్టుకున్నదీ కుడి చేత్తోనే.

"జహీరన్న గూడ పట్టుకున్నడా?" అంది ఆమె.

పట్టుకున్నానని ఒప్పుకున్నాను.

"సదువుకున్నోళ్లు," అని ఇంకో ఆకు తీసుకుంది.

ఏం జరిగిందో తేల్చుకోవడానికి మాకు ఒక చాయ్ తాగేంతసేపు పట్టింది. షట్టరింగు అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలతో కట్టే అచ్చు. అచ్చులో గుంట ఉన్నచోట గోడకు ఉబ్బు వస్తుంది, అచ్చుకు కుడివైపు ఉన్నది గోడకు ఎడమవైపు వస్తుంది. కాగితం మీద గోడ ఉంటే వడ్రంగి దానికి ఎదురు రూపం కట్టాలి. పన్నెండేళ్లుగా దేవయ్య చేతికి ఏ కాగితం ఇచ్చినా అది తిరగేసుకునే పని మొదలుపెడుతుంది. అది అతను ఆలోచించి చేసే పని కాదు, మనం చెప్పు వేసుకునేటప్పుడు కాలు వెతుక్కోనట్టే. నేను తిరగేసి ఇచ్చాను. అతను మళ్లీ తిరగేశాడు. రెండుసార్లు తిరగేసిన దోసె మొదటి వైపే చూస్తుంది.

"నేను ఎడమచేతిదని చెప్పినా కదప్పా," అన్నాను.

"చెప్పినవ్ సాబ్. తిప్పితె ఎడమ అయితదని చెప్పినవనుకున్న."

ఫహద్‌కు చూపించక తప్పలేదు. అతను దాన్ని భుజానికి ఆన్చి, చాలాసేపు ఆ హాయి అనుభవించి, మన దగ్గర పన్నెండు కుడివాటం రైఫిళ్లున్నాయి, అన్నిటికంటే ఇదే బాగుంది అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, శుక్రవారం సాయంత్రంలోగా రైఫిల్ నా ముందు ఉండాలి, లేకపోతే ఎంపిక పోటీ జాబితాలో ఆ పిల్ల పేరు కొట్టేస్తాను అన్నాడు. కాగితం, పెన్నూ అప్పటికే బల్ల మీద ఉన్నాయి.

చేతిలో రెండే రోజులు. ఇంకో చెక్క చెక్కడానికి ఆరు మధ్యాహ్నాలు కావాలి.

గురువారం మధ్యాహ్నం దేవయ్య కూలర్ పక్కన పడుకోలేదు. పార్సెల్‌లో వచ్చిన వాల్‌నట్ చెక్కను తెమ్మన్నాడు. అది రైఫిల్ కాదు, బీరువాలో పడి ఉన్న పనికిరాని సామాను కాబట్టి తెచ్చాను. రెంటినీ నేల మీద పక్కపక్కన పెట్టి, గొంతుక్కూర్చుని చూశాడు.

"గీ పార్సెల్ కర్ర ఎనుక మంచిగున్నది, ముందల ఖరాబు. నాది ముందల మంచిగున్నది, ఎనుక ఖరాబు," అన్నాడు. "సైట్ల దిమ్మె పొట్టిగైతే ఏం జేస్తం సాబ్? ఇంకోదానికి జోడిస్తం."

ఇనుముతో కలిపే బెజ్జాలు రెండూ ముందు సగంలోనే ఉంటాయి. చేతివాటమంతా, పిడీ దిమ్మా, వెనక సగంలో ఉంటుంది. నాకు కథ అర్థమైంది. అర్థమయ్యేలోగా అతను రంపం తీశాడు. జర్మనీ నుంచి వచ్చిన వాల్‌నట్ మీద రంపం పెట్టినప్పుడు నేను గోడ వైపు తిరిగి టార్గెట్లు లెక్కపెట్టుకున్నాను.

రెండు ముక్కల అంచులనూ పళ్లు పళ్లుగా కోసి, ఒకదాని సందుల్లోకి మరొకటి దించాడు. తాత బొమ్మల చేతులు ఇట్లనే అతికేటోడు అన్నాడు. జిగురు పెట్టి, మధ్యలో కర్రమేకు కొట్టి, షట్టరింగు క్లాంపు తెచ్చి బిగించబోయి ఆగాడు. ఇనుము ఆనితే కర్రకు అచ్చు పడుతుంది, మెత్తటి గుడ్డ కావాలన్నాడు. నా అరలో పసుపుపచ్చ తువ్వాలు ఉంది. నాలుగు మడతలు అప్పటికే పెట్టి ఉన్నాయి.

శుక్రవారం నమాజు తర్వాత స్టోర్ తెరిచి, క్లాంపు విప్పి, ఇనుమును దించాను. స్క్రూలు రెండూ గుక్క తిప్పుకోకుండా దిగాయి. అప్పుడు చూశాను, మీట గాడిని. మీట ఇనుముకు కుడివైపు ఉంటుంది. చెక్క ఎడమవాటానిదైనా ఇనుము మారదు కాబట్టి గాడి కుడివైపే ఉండాలి. నా కాగితంలో నేను అన్నిటితోపాటు గాడిని కూడా తిరగేసి ఎడమవైపు గీశాను. దేవయ్య నేను చెప్పినట్టు చేసి ఉంటే, పిడి సరిగ్గా వచ్చేది, మీట చెక్కలో ఇరుక్కుని కదిలేది కాదు. అతని పొరపాటు నా పొరపాటును మింగేసింది. బీఎస్సీ గురించి ఆ తర్వాత నేనెక్కడా ఎత్తలేదు.

ఫహద్ వచ్చాడు. ముందు సగం ఎర్రటి టేకు, వెనక సగం నల్లటి వాల్‌నట్. మేకకు ఒంటె తల పెట్టినట్టుంది అన్నాడు. మీట కుడివైపు ఉండిపోయింది, ఎడమచేతి పిల్లకు అది అడ్డం కాదా అని అడిగాడు. నాదియాను పిలిచాం.

ఆ పిల్ల రైఫిల్ తీసుకుని ఎడమ భుజానికి పెట్టింది. చెంప దిమ్మ మీద వాలింది. తువ్వాలుతో ఏడాదిగా పడిన అలవాటుకు మెడ ఒక్కసారి పక్కకు వంగి, అక్కర్లేదని తెలిసి, దానంతటదే నిటారయింది. ఎడమ చెయ్యి పిడి వదలకుండానే, ఖాళీగా ఉన్న కుడిచేత్తో మీట లాగి మూసింది. మళ్లీ లాగి మూసింది.

"ఇటువైపే ఉండనీ చాచా," అంది. "మిగతావాళ్లు ప్రతి గుండుకూ పిడి వదలాలి. నాకక్కర్లేదు."

ఫహద్ పెన్ను మూత పెట్టేశాడు.

శనివారం మస్కట్‌లో ఎంపిక పోటీ. తనిఖీ బల్ల దగ్గర కళ్లద్దాలాయన రైఫిల్‌ను తూచాడు, కొలిచాడు, అతుకు మీద గోరుతో గీరాడు, కదిపి చూశాడు. కదల్లేదు. చుట్టింది, కట్టింది ఏమీ లేదు. ఫారంలో ఒక గడి ఖాళీగా ఉందన్నాడు, చెక్క తయారీదారు పేరు. పార్సెల్ కంపెనీ పేరు రాస్తే సగం అబద్ధం. పెన్ను తీసుకుని దేవయ్య అని రాశాను.

ఆయన తన దగ్గరున్న తయారీదారుల జాబితాలో వేలితో పైనుంచి కిందికి వెతికాడు. ఈ కంపెనీ ఏ దేశంలో ఉందని అడిగాడు. నిర్మల్‌లో అన్నాను. కొత్త కంపెనీయా అన్నాడు. తాతల కాలం నాటిదన్నాను. ఆయన గౌరవంగా తల ఊపి, జాబితా చివర చేత్తో ఆ పేరు చేర్చి, ముద్ర వేశాడు.

నాదియా కొట్టడం నేను చూడలేదు. స్టోర్ కీపర్లు వెనక గదిలో ఉంటారు. గోడ అవతల గుండ్లు తపతపమని పడుతుంటే, వాటిలో ఆ పిల్లది ఏదో పోల్చుకోవాలని చూశాను, కుదర్లేదు. ఫహద్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మూడో స్థానం, నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయి కంటే సున్నా పాయింటు నాలుగు ఎక్కువ అన్నాడు. ఆ తర్వాత, ఆమెది ఒక్క గుండు కూడా పక్కవాళ్ల కాగితంలో పడలేదు అన్నాడు. అతను నవ్వుతూ హాస్యమాడడం పదకొండేళ్లలో నేను వినడం అదే మొదటిసారి.

ఆదివారం ఎండవేళ దేవయ్య కూలర్ దగ్గరకొచ్చాడు. విషయం చెప్పాను. సలాలాలో ఇప్పుడు చిరుజల్లు పడుతూ కొండలన్నీ పచ్చగా ఉంటాయట కదా, మన కర్ర చల్లదనం చూస్తది అన్నాడు. అతనికి ఒకటే కోరిక, రైఫిల్‌ను ఒక్కసారి పట్టుకుని ఇంటికి చూపించాలని. బయటి మనిషి స్టోర్‌లోకి రాకూడదన్న షరతు నాకు గుర్తుంది. ఫహద్‌కూ గుర్తుంది. అతను ఆ సమయానికి ఏదో పని ఉన్నట్టు క్యాంటీన్‌కు వెళ్లి, వెళుతూ స్టోర్ తలుపు బార్లా తెరిచి పెట్టాడు.

దేవయ్య రైఫిల్‌ను కుడి భుజానికి ఆన్చాడు. పిడి అరచేతిలో ఎముకకు తగిలింది. దిమ్మ మీద చెంప ఎక్కడ పెట్టాలో తెలియక కోడిలా మెడ తిప్పాడు. నేను ఫోన్ పట్టుకున్నాను. అవతల యాదవ్వ చేట ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

"మంచిగున్నదా?" అని అడిగింది.

"ఏడ మంచిగ, చెయ్యంత గుచ్చుతున్నది," అన్నాడు దేవయ్య.

యాదవ్వ ఫోన్‌కు దగ్గరగా జరిగి, అతని ముఖం వంకర చూసి, తృప్తిగా మళ్లీ బీడీ అందుకుంది.

"అయితె ఈసారి కరెక్టే చేసినవ్."